గ్రామసభలో తీర్మానం అయినా డ్రెయిన్ పని ఎందుకు కదలదు?

మా కోనసీమ ఊళ్లలో ఏటా వినిపించే ప్రశ్నే ఇది. తీర్మానం అయిందంటే పని మంజూరైనట్టు కాదండి. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కోసం 29 అంశాలు రాసింది గానీ, వాటిని నిజంగా అప్పగించే బాధ్యత రాష్ట్రాలకే వదిలేసింది. అందుకే వీధి డ్రెయిన్ పంచాయతీది, ఆ నీళ్లు వెళ్లి కలిసే కోడు, అంటే పెద్ద మురుగు కాలువ, జలవనరుల శాఖది. వీధిలో సిమెంట్ డ్రెయిన్ ఎంత బాగా కట్టినా, అవతల కోడు నిండా గుర్రపు డెక్క పేరుకుపోయి ఉంటే, గట్టి వాన ఒక్కటి పడగానే నీళ్లు వెనక్కి తన్ని గుమ్మాల దాకా వచ్చేస్తాయి, కళ్లారా చూశాను.

డబ్బు కొంతైనా ఉంటుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించింది. కానీ పంచాయతీ వార్షిక ప్రణాళికలో పని పేరు ఎక్కాలి.

అసలు చిక్కు టైముతో. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక సాగు కాలువలకు నీళ్లు ఆపేసినప్పటి నుంచి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మళ్లీ నీళ్లు వదిలేదాకా ఉండే ఆ కొద్ది వారాల్లోనే మట్టి పని సాగుతుంది, అప్పటికి ఎస్టిమేట్ తయారుగా లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. అందుకని సంక్రాంతి వెళ్లగానే తీర్మానం నకలు తీసుకుని ఇంజినీరు గారిని ఎస్టిమేట్ కోసం అడగండి, కోడు పూడిక తీయమని జలవనరుల శాఖకు విడిగా అర్జీ పెట్టి రసీదు తీసుకోండి.