బాప్తిస్మం తీసుకోకుండా చనిపోతే రక్షణ లేనట్టేనా?

వందనాలు సిస్టర్. మీ నాన్నగారు నమ్ముకున్నాక ప్రార్థన మానలేదనీ, బాప్తిస్మానికి తేదీ అనుకునేలోపే గుండెపోటుతో పోయారనీ రాశారు. సమాధి దగ్గర ఒక సంఘపెద్ద "నీళ్లలో దిగనివాడికి పరలోకం లేదు" అన్నాడు, నిజమేనా అని అడిగారు. నేను నమ్మేది ముందే చెప్పేస్తాను: నిజం కాదు. అలాగని బాప్తిస్మం ఉత్త లాంఛనమని కూడా అనను.

నేను గుంటూరు వైపు లూథరన్ ఇంట్లో పుట్టాను. పాలు తాగే వయసులోనే పాస్టరుగారు నా నెత్తిన మూడుసార్లు నీళ్లు పోశారు. ఒంగోలు దగ్గర బాప్టిస్టుల (నమ్మే వయసొచ్చాక నీళ్లలో ముంచితేనే బాప్తిస్మం అనేవాళ్లు) అమ్మాయిని చేసుకున్నాక "అదసలు బాప్తిస్మమే కాదు, మళ్లీ ముంచాలి" అని అటువైపు వాళ్లు మొదలుపెట్టారు. పండక్కి వెళ్తే అన్నాల దగ్గర కూడా ఇదే గొడవ.

ఆ పెద్దాయన చూపించింది మార్కు 16:16 అయ్యుంటుంది. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును, నమ్మని వానికి శిక్ష విధింపబడును." రెండో సగం చూడండి. శిక్ష నమ్మనివాడికే అంది, నీళ్లలో దిగనివాడికి అనలేదు. అపొస్తలుల కార్యములు 10లో కొర్నేలి ఇంటివాళ్లు వాక్యం వింటుండగానే పరిశుద్ధాత్మ దిగాడు. బాప్తిస్మం ఆ తర్వాతే. అయితే పేతురు మాత్రం "ఆత్మ వచ్చాడుగా, ఇంక నీళ్లెందుకులే" అనలేదు, అక్కడికక్కడే బాప్తిస్మం పొందమన్నాడు. ఈ రెండూ కలిపి చదవాలి. యేసు పక్కన సిలువ మీద నమ్మి, బాప్తిస్మం లేకుండానే పరదైసు మాట పొందిన దొంగను అందరూ సాక్ష్యం తెస్తారు గానీ, బాప్తిస్మం లేనిదే రక్షణ లేదనే 'క్రీస్తు సంఘం' (చర్చ్ ఆఫ్ క్రైస్ట్) అనే శాఖ వాళ్ల దగ్గర దానికి జవాబుంది: ప్రభువు తిరిగి లేచి బాప్తిస్మపు ఆజ్ఞ ఇవ్వకముందే ఆ దొంగ చనిపోయాడు కదా అంటారు. అది తీసిపారేసే మాట కాదు. అందుకే నేను ఆ దొంగ జోలికి పోను.

నాకు ఒంగోలు చరిత్రే ఎక్కువ పనికొచ్చింది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత పని కంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. కూటి కోసం వస్తున్నారేమోనని ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. సాయం పనులు ముగిశాకే మొదలుపెట్టారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. మా అటువైపు చుట్టాలు ఈ అంకెను గర్వంగా చెప్పుకుంటారు, దాని ముందున్న ఏడాది సంగతి ఎత్తరు. బాప్తిస్మం లేకపోతే నరకమేనని ఆయన నమ్మి ఉంటే, జనం ఆకలికీ రోగాలకీ పిట్టల్లా రాలిపోతుంటే అన్నాళ్లు ఎలా ఆపుతాడు?

మా ఆవిడ వాళ్ల అమ్మమ్మ సంగతి చెప్తాను. తాతగారు ఒప్పుకోక ఆవిడ ఏళ్ల తరబడి బియ్యం డబ్బా వెనక బైబిలు దాచుకుని చదివింది. ఆయన పోయాక బాప్తిస్మం అంది, అప్పటికి మోకాళ్లు పడిపోయాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం సాగర్ కాలవలోకి మోశాం. పాస్టరుగారు "యేసుక్రీస్తును నీ సొంత రక్షకుడిగా అంగీకరించావా అమ్మా?" అని అడిగితే, "అది సరేనయ్యా, చెవుల్లోకి నీళ్లు పోతాయా, నాకు చెవిపోటు" అంది. గట్టు మీద పాట పాడేవాళ్లు కూడా నవ్వారు. ముక్కుకు చేతిరుమాలు అడ్డుపెట్టి కుర్చీతో సహా వెనక్కి వాల్చి ముంచి లేపారు. ఆ డబ్బా వెనక చదువుకున్న రోజుల్లో ఆవిడ చనిపోయి ఉంటే ప్రభువు గుమ్మం దగ్గర ఆపేసేవాడని నన్ను ఎవరూ ఒప్పించలేరు. అయినా ఆ రోజు తడిబట్టలతో ఊరందరి ముందూ నిలబడటం ఆవిడకు ఎంత పెద్ద సంగతో కూడా కళ్లారా చూశాను.

నాకు తెలిసి చాలామంది సంఘం రిజిస్టరునీ పరలోకం రిజిస్టరునీ ఒకటే అనుకుంటారు. ప్రభువు బల్లకూ (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి), చర్చిలో పెళ్లికీ, కొన్నిచోట్ల సమాధి స్థలానికీ బాప్తిస్మం అడుగుతారు. అది సంఘ క్రమశిక్షణ. రక్షణ వేరే లెక్క. ఇక ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని బాప్తిస్మం వాయిదా వేసుకునే విశ్వాసులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లను పిరికివాళ్లనడం తేలిక, క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో దెబ్బతిన్న ఇంట్లో పుట్టి చూస్తే తెలుస్తుంది.

జ్ఞానస్నానం (బాప్తిస్మాన్ని వాళ్లు పిలిచే పేరు) రక్షణకు అవసరమని గట్టిగా చెప్పే కథోలికులు కూడా, దానికి సిద్ధపడుతూ మధ్యలో చనిపోయినవాడికి ఆ కోరికే లెక్కకొస్తుందంటారు. మీ నాన్నగారి పరిస్థితి సరిగ్గా అదే. సాల్వేషన్ ఆర్మీ వాళ్లయితే నీటి బాప్తిస్మమే ఇవ్వరు, వాళ్లు క్రైస్తవులు కారని ఎవరంటారు?

ఇక ఈ భయంతో మీ అన్నయ్య వచ్చే ఆదివారమే మునిగేస్తానంటున్నాడన్నారు. తీసుకోవడం మంచిదే, భయంతో మాత్రం వద్దు. ముందు పాస్టరుగారితో కూర్చుని, బాప్తిస్మం అర్థం చెప్పే రోమా 6 చదవమనండి, నాన్నగారి గురించి మీరు నన్నడిగిన ప్రశ్నే ఆయన్నీ అడగమనండి. ఆయన కూడా ఆ పెద్దాయన మాటే అంటే, వేరే సంఘం చూసుకోవడంలో తప్పేమీ లేదు.