ధ్రువుడు కొబ్బరిచెట్ల వెనక ఉంటాడు
(ఆకాశం గురించి పాఠకుల ప్రశ్నలు, అమలాపురం నుంచి మా రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ గారి జవాబులు)

ప్రశ్న: చుక్కలు చూసే సరదా ఉన్నవాళ్ళం కొందరం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అమావాస్య దగ్గర పడితే ఏటిగట్టు మీద కలుస్తాం. మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు గ్రూపు నిండా రొయ్యల రేట్లు, పుష్కరాల కబుర్లు, జాతకాలు. దానికి తోడు కొత్తగా చేరినవాళ్ళవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. ధ్రువ నక్షత్రం ఏది, అరుంధతి ఎక్కడ? చెప్పి చెప్పి విసుగొస్తోంది. ఇక కొత్తవాళ్ళను చేర్చుకోవద్దని సీనియర్లు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, రాజోలు మండలం

జవాబు: చేర్చుకోవడం ఆపకండి బాబూ. మీ విసుగు అర్థమవుతోంది. కానీ ఆ కొత్తవాళ్ళకు మీరు తప్ప వేరే దిక్కు లేదు.

ధ్రువ నక్షత్రం అడిగిన కుర్రాణ్ణి యూట్యూబ్‌లో చూసుకోమన్నారే అనుకోండి. ఏ న్యూయార్క్‌లోనో తీసిన వీడియో చూస్తాడు. అక్కడ ధ్రువుడు 40 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడి ఎత్తు అంత కాబట్టి మన రాజోల్లో 16 డిగ్రీల పైచిలుకే. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాదాపు 10 డిగ్రీలు. అంటే నేల అంచు నుంచి పిడికిలిన్నర. కోనసీమలో ఇంటి మేడెక్కి ఉత్తరానికి తిరిగితే ఆ ఎత్తున కనిపించేవి కొబ్బరిమట్టలే. ఆ కుర్రాడు ఎక్కడో పైన వెతికి వెతికి, లేదనుకుని కిందికి దిగిపోతాడు. ‘ఏటికి అడ్డంగా ఉత్తరానికి తిరిగి నిలబడు, అవతలి ఒడ్డు చెట్ల పైన చూడు’ అని చెప్పగలిగేది ఆ గట్టు తెలిసిన మీరే. ఏరు వెడల్పు కదా, అవతలి చెట్లు అంత ఎత్తుగా అడ్డం రావు.

దక్షిణం వైపూ అంతే. లండన్‌లో ఎప్పటికీ ఉదయించని అగస్త్య నక్షత్రం (కనోపస్) మనకు ఫిబ్రవరి రాత్రుల్లో రెండు పిడికిళ్ళ ఎత్తున నిలబడుతుంది. మే నెలలో రాత్రి తొమ్మిది ప్రాంతాల అంతర్వేది ఇసుకలో నిలబడి దక్షిణానికి చూస్తే, గాలి శుభ్రంగా ఉన్న రోజున త్రిశంకు (సదరన్ క్రాస్) నాలుగు చుక్కలూ సముద్రం మీద కనిపిస్తాయి. ఇవి ఏ వేళప్పుడు ఏ దిక్కున, ఏ చెట్టు పక్కన అన్నది ఊరివాళ్ళు ఊరివాళ్ళకు చెప్పుకోవాల్సిందే. ప్రశ్న మీకు పాతదే. అడిగే మనిషి ప్రతిసారీ కొత్త.

అరుంధతి సంగతీ చూడండి. పెళ్ళి పీటల మీద నుంచి లేచి, పురోహితుడు వేలు చూపించిన వైపు చూసి, కనపడకపోయినా తలూపినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమందో. వాళ్ళలో ఒకరు ఇన్నేళ్ళకు వచ్చి అడిగితే ఎంత సంతోషించాలి! సప్తర్షి మండలం తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని మినుకుమనేది అరుంధతి. రెంటి మధ్య ఎడం చందమామ వెడల్పులో సగం కూడా ఉండదు. ఆ తర్వాత చిన్న టెలిస్కోప్‌లో చూపించండి. వశిష్ఠుడు ఒక్కడు కాదు, రెండు చుక్కలుగా విడిపోతాడు. అది చూసినవాళ్ళు వచ్చే అమావాస్యకు పిలవకుండానే వస్తారు.

ఇక కబుర్లు దారి తప్పడం. అన్నిటినీ ఒక గాట కట్టకండి. పుష్కరాల మాట వస్తే వదలొద్దు, అది మన సబ్జెక్టే. గురువు, అంటే బృహస్పతి గ్రహం, సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరం. 2003, 2015, ఇప్పుడు 2027. గురువు సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టేది 11.86 ఏళ్ళు, పూర్తిగా పన్నెండు కాదు. ఏడు చుట్లకు 83 ఏళ్ళు, అదే పన్నెండు లెక్కన అయితే 84. ఆ తేడా పోగుపడి ఎప్పుడో ఒకసారి ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. గురువు నడకను బట్టే వచ్చే హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2022లో కాకుండా 2021లో వచ్చింది అందుకే. పుష్కరం వీడియో పెట్టినాయన్ని గట్టు మీదకు రమ్మని, గురువు మిథునం నుంచి కర్కాటకం మీదుగా సింహంలోకి నడిచే దారిని నెలనెలా కాగితం మీద గుర్తు పెట్టమనండి. మీలో అందరికంటే మంచి పరిశీలకుడు ఆయనే అవుతాడేమో.

జాతకాలు వేరు. జాతకం చెప్పడం మన పని కాదని మర్యాదగా, స్పష్టంగా చెప్పేయండి. రాహుకేతువులంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లని, ఆ దారుల మధ్య 5 డిగ్రీల వాలు ఉండబట్టే ప్రతి పౌర్ణమికీ గ్రహణం పట్టదని మాత్రం తప్పకుండా చెప్పండి. రొయ్యలకు వేరే గ్రూపు పెట్టండి. వంద కౌంటు (కిలోకు వంద తూగే రొయ్య) ఎంత పలికిందన్నది చెరువులున్నవాళ్ళకు చిన్న విషయం కాదు, దానికి దాని చోటు ఉండాలి.

మీ సీనియర్ల విసుగుకు అసలు కారణం ప్రశ్నలు కాదని నా అనుమానం, జవాబు చెప్పే భారం ఎప్పుడూ ఒకరిద్దరి మీదే పడటం. ఒక్కో అమావాస్యకు ఒకరు మొదటి గంట కొత్తవాళ్ళ కోసం ఉండండి. మిగతావాళ్ళు తమ టెలిస్కోపుల దగ్గర తాముంటారు. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లోనే, వెలుగు పెరిగి తగ్గే ఒక నక్షత్రాన్ని కనిపెట్టిన మనిషి. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోతుంటే, అదేమిటో మామూలు జనానికి తెలియాలని చిన్న పుస్తకం రాసి పలు భాషల్లో అచ్చు వేయించారు. అంతటి ఆయన తీరిక చేసుకున్నారు, మనమూ చేసుకోగలం.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. డిసెంబర్లో ఇలాంటి గ్రూపుతోనే చుక్కలు చూడ్డానికి వెళ్ళాను. ఆగ్నేయంలో కిందుగా ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు మారుతూ మెరుస్తోంటే ‘అది డ్రోనా?’ అని అడిగాను. అందరూ నవ్వారు. మళ్ళీ వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, మలికిపురం

జవాబు: వెళ్ళు తల్లీ. నువ్వు చూసింది లుబ్ధకుడు, సిరియస్ అంటారు. రాత్రి ఆకాశంలో అన్నిటికంటే కాంతివంతమైన నక్షత్రం. నీ కళ్ళు సరిగ్గానే చూశాయి, రంగులు నిజంగానే మారతాయి. నేలకు పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు దాని వెలుగు, నెత్తిమీది చుక్క వెలుగు కంటే ఐదు రెట్లు పైగా గాలిని దాటి రావాలి. పొయ్యి పైన వేడిగాలిలోంచి చూస్తే అవతలి గోడ అల్లాడినట్టు, ఆ గాలి పొరల్లో వెలుగు వంగి రంగులు విడివిడిగా కంటికి తగులుతాయి. రెండు మూడు గంటలాగి చూడు, పైకెక్కాక ఆ రంగులు చాలావరకు సర్దుకుంటాయి. అదే ఎత్తున గురువు ఉంటే ఇంతగా మెరవదు. నక్షత్రం మనకు ఒక చుక్క, గ్రహం చిన్న బింబం. వచ్చేసారి రెంటినీ పోల్చి చూడు.

నవ్వినవాళ్ళు ఈ పేజీ చదువుతుంటే వాళ్ళకో మాట. ఆ పిల్ల రంగులు గమనించింది. మీరు ఆ రాత్రి గమనించారా? ఆ పిల్లను పిలిచి, ఎందుకలా మెరుస్తుందో కూర్చోబెట్టి చెప్పండి.

నువ్వు మాత్రం రాత్రిపూట గట్టు మీదకు ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని వెళ్ళు. వెళ్ళినప్పుడు మన పెద్దవాళ్ళు పిల్లలకోడి అనే కృత్తికల్లో ఎన్ని చుక్కలు కనిపిస్తాయో లెక్కపెట్టి నాకు రాయి.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు. 500 రెట్లు పెద్దగా చూపిస్తుందని ఒక చిన్న టెలిస్కోప్ ప్రకటన చూశాం. కొనమంటారా?
– ఒక తండ్రి, నరసాపురం

జవాబు: వద్దండి. అద్దం వెడల్పు 60 మిల్లీమీటర్లుంటే 120 రెట్లు దాటాక బొమ్మ మసకబారడమే. ముందు 10x50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) కొనండి. దాన్ని గోడకో గుంజకో ఆనించి పట్టుకుంటే గురువు చంద్రులు నాలుగూ కనిపిస్తాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. సరదా నిలబడితే అప్పుడు ఆరంగుళాల డాబ్సోనియన్ (సాదా పీట మీద తిరిగే అద్దం టెలిస్కోప్) గురించి ఆలోచిద్దాం. ఒక్క జాగ్రత్త, మన డెల్టా తేమకు లెన్సుల్లో బూజు పడుతుంది. మంచు పట్టినదాన్ని గుడ్డతో తుడవకుండా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి మూత గట్టిగా వేయండి.