స్టిక్కర్ చూసి సైకిల్ కొనొద్దు అల్లుడూ

తిరుపతి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు సైకిళ్ల ఫొటోలూ చూశా. రెండిటి మీదా 'షిమానో గేర్లు' అని జానెడు స్టిక్కర్. అబద్ధమని అనను. కానీ ఇలాంటి బండ్లలో చాలాసార్లు షిమానోది వెనక డిరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) ఒక్కటే. చైను, క్రాంకు (పెడల్ కాడ), ఫ్రీవీలు (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఊరూ పేరూ లేనివి. ఏ భాగం ఎవరిదో షాపువాణ్ణి ఒక్కొక్కటిగా అడుగు. నసిగితే అర్థం చేసుకో.

షిమానో 1921లో జపాన్‌లోని సకాయ్‌లో పుట్టింది, మొదట చేసింది ఫ్రీవీళ్లే. షిమానో గేర్లలోనూ మెట్లున్నాయి. కొండ సైకిళ్లకు కింద నుంచి పైకి టోర్నీ, ఆల్టస్, అసేరా, అలీవియో, డియోర్. నీకు ఆల్టస్ గానీ అసేరా గానీ చాలు. డియోర్ దాటాక పెట్టే డబ్బు ఎక్కువగా బరువు తగ్గడానికే పోతుంది. చంద్రగిరికి పోయొచ్చేవాడికి అదెందుకు? పొద్దున రెండు ఇడ్లీలు తగ్గించుకో, సరిపోతుంది.

బ్రాండు కంటే ముందు వెనక చక్రం చూడు. నాకు ఈ బుద్ధి మొగిలి ఘాట్‌లో వచ్చింది. పలమనేరు నుంచి చిత్తూరుకు దిగుతా ఉంటే గుంటలో పడ్డా. చక్రం అటూ ఇటూ ఊగి బ్రేకుకు రాసుకుంటోంది. విప్పి చూస్తే ఇరుసు వంగిపోయింది. అది హబ్బు (చక్రం నడిమి గొట్టం) మీది మరచుట్లకు తిప్పి బిగించే ఫ్రీవీలు. దాంట్లో కుడివైపు బేరింగు లోపలికి ఉంటుంది, ఫ్రీవీలు కింద ఇరుసుకు ఆసరా ఉండదు. క్యాసెట్ అంటే పళ్ల చక్రాలను హబ్బు గాడుల్లోకి జారించి బిగించే రకం. దాంట్లో బేరింగు చివరికంటా వస్తుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

షాపులోనే తేల్చుకోవచ్చు. చక్రం కదలకుండా పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పు. ఇరుసు పక్కన లోపలంచున గాట్లున్న చిన్న రింగు కనపడుతుంది. పళ్లతో పాటు అదీ తిరిగితే క్యాసెట్. అది నిలబడి పళ్లు మాత్రం తిరిగితే ఫ్రీవీలు. ఎనిమిది గేర్లుంటే క్యాసెట్టే అనుకుని మోసపోవద్దు, ఎనిమిది గేర్ల ఫ్రీవీళ్లూ ఉన్నాయి.

ఇంకో గేర్ల కంపెనీ శ్రామ్ 1987లో షికాగోలో మొదలైంది, హ్యాండిల్ పిడి తిప్పితే గేరు మారే షిఫ్టర్‌తో. ఇప్పుడు ముందు ఒకే పళ్ల చక్రం, వెనక పన్నెండు గేర్లు దానికి పేరు. తొక్కడానికి హాయి, క్యాసెట్ అరిగి మార్చే రోజున మాత్రం జేబుకు చెమట పడుతుంది. ఒకరి షిఫ్టర్‌కు ఇంకొకరి డిరైలర్ కలపొద్దు, వైరు లాగే లెక్క మామూలుగా కుదరదు. తైవాన్ మైక్రోషిఫ్ట్‌ను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ పెట్టిన డబ్బుకు మంచి సరుకు. ఇటలీ కాంపాన్యోలో రోడ్డు రేసులవాళ్లది, మనకొద్దు.

ఘాట్ ఎక్కించేది పేరు కాదు, పళ్లు. ముందు చిన్న చక్రానికి 28 పళ్లు, వెనక పెద్దదానికీ 28 అయితే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు. వెనక 34 ఉంటే 0.82 చుట్టే. భాకరాపేట ఘాట్‌లో ఆ తేడా నీ మోకాళ్లకు తెలుస్తుంది. 34 ఉందో లేదో లెక్కపెట్టుకుని కొను.

కొన్నాక ఇంట్లో 12 అంగుళాల స్కేలు ఉంచుకో. కొత్త చైనులో పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చెయ్. ఎనిమిదో వంతు దాకా ఆగావో, వెనక పళ్లు కూడా తినేసి ఉంటుంది. కొత్త చైను వేసినా జారుతుంది. నా పాత బండికి అట్లనే బద్ధకించి రెండూ మార్పించా.

అడ్వాన్సు ఇవ్వకముందే పెడల్ తిప్పే వీడియో ఒకటి పంపు. ఆ రింగు నేను చూస్తా.

మీ మామ