క్లౌన్ ఫిష్ పిల్లలు బతకడం లేదా? డబ్బా మార్చకండి, డ్రమ్ము చూసుకోండి

గుడ్లు బాగానే పొదుగుతున్నాయి, ఆర్టీమియా (చేపపిల్లలకి మేతగా వేసే బుల్లి ఉప్పునీటి రొయ్య) వేస్తున్నా పిల్లలు నాలుగు రోజులు దాటడం లేదు, ఏ కంపెనీ ఆర్టీమియా డబ్బా మంచిది అని అడిగారు. ఏ కంపెనీదైనా ఒకటే. డబ్బులు దండగ.

ఒడిశా తీరంలో గోపాల్‌పూర్ దగ్గర మా బావ క్లౌన్ ఫిష్ పెంచే షెడ్డులోనూ ఇదే గొడవ. రమ్మంటే బరంపురం నుంచి వెళ్ళాను. లైట్లు ఆర్పించి, టార్చి పక్క నుంచి వేసి తొట్టిలోకి చూశాం. పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లుంటుంది, అందులో కొట్టొచ్చినట్టు కనిపించేవి కళ్ళే. ఎదురుగా నారింజ రంగు ఆర్టీమియా ఒకటి కొట్టుకుంటూ వచ్చింది. పిల్ల ఆగింది, ఒళ్ళు మెలిపెట్టింది, ఒక్క ఉదుటున దూకింది. పట్టింది, వెంటనే కక్కేసింది. మళ్ళీ దూకింది, మళ్ళీ కక్కింది.

"ఆకలి లేదేమోరా" అన్నాడు బావ.

ఆకలి లేకేం! నోరు చాలడం లేదు. అప్పుడే పొదిగిన ఆర్టీమియా దాదాపు అర మిల్లీమీటరుంటుంది. రోటిఫర్ అనే ఇంకా చిన్న నీటి జీవి అయితే 0.1 నుంచి 0.3 లోపే. మొదటి రోజుల్లో పిల్లకి అదే దిక్కు.

"రోటిఫర్ కూడా ఉంది కదా బామ్మర్దీ" అని డ్రమ్ము చూపించాడు. ఉంది, కానీ ఒట్టి ఈస్టు మీద బతుకుతోంది. రోటిఫర్ కడుపులో ఏముంటే పిల్లకి అదే అందుతుంది. ఈస్టులో పిల్లకి కావలసిన ఒమేగా-3 కొవ్వులు లేవు. నానోక్లోరాప్సిస్, ఐసోక్రైసిస్ లాంటి నాచు పెంచి మేపాలి. ఆ పచ్చ నీళ్ళ డ్రమ్మూ ఉంది, అదేమో నీళ్ళ రంగుకొచ్చేసింది. ఎందుకంటే రెండు డ్రమ్ముల్లోనూ ఒకటే మగ్గు! మగ్గుతో నాలుగు రోటిఫర్లు అటు వెళ్ళినా చాలు, కొద్ది రోజుల్లో నాచంతా ఊడ్చేస్తాయి. రెండు గదులు, రెండు మగ్గులు, చేతులు కడుక్కోవడం, అంతే. ఆ పని చేశాక తర్వాతి బ్యాచ్‌లో చాలామటుకు పిల్లలు బతికి, తెల్ల చారలు వచ్చేదాకా పెరిగాయి.

ఇదెవరూ చెప్పరు. వీడియోల్లో జత చేపలు, లక్షల ఆదాయం, ఆపైన ఏదో ఒక సీసా అమ్మకం. ఆర్టీమియాకి ఒమేగా-3 కొవ్వులు పట్టించే ఆ సీసా మందుని అది పొదిగిన వెంటనే పోయమంటారు. మొదటి దశలో దానికి నోరే తెరుచుకోదు, ఏం తింటుంది? మొదటి పొర విడిచాకే తింటుంది, అప్పుడు పోయాలి. పిల్లలు వారం దాటాక వేసే ఆర్టీమియా సంగతి ఇది. ఇక కోపిపాడ్లు (మేతగా వాడే మరో రకం బుల్లి నీటి జీవులు) ఎంత మంచివైనా ఇప్పుడే వాటి జోలికి పోకండి, వాటిని నిలబెట్టడం ఇంకా కష్టం.

కరెంటు కూడా చూసుకోండి. ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2013లో. అప్పటి నుంచి లైన్ల మీద నాకు నమ్మకం లేదు. కరెంటు పోయి నీళ్ళలోకి గాలి ఆగితే ముందు పోయేది కిక్కిరిసిన రోటిఫర్ డ్రమ్మే, బ్యాటరీ పంపు పెట్టుకోండి.

మీ నీటి సాలినిటీ, అంటే ఉప్పదనం, ఎంతో రాయలేదు. వానాకాలంలో ఏటి మొగ దగ్గర నీళ్ళు తోడుతున్నారా? అదీ రాయండి, అప్పుడు చెప్తాను.