సమాధానం: అమ్మకం నుంచి తొలగించిన ఆట మీ దగ్గరే ఉండాలంటే

గుంటూరు మిత్రునికి నమస్కారం. మీరు కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో డబ్బు పెట్టి కొన్న కార్ల పందేల ఆట అమ్మకం నుంచి తొలగిపోయిందని, ఇక అది మీకు దక్కదేమోనని అడిగారు.

అమ్మకం ఆపడం వేరు, సర్వర్లు (ఆటను నెట్ ద్వారా నడిపించే కంపెనీ కంప్యూటర్లు) మూసేయడం వేరు. అమ్మకం మాత్రమే ఆగితే ఆట సాధారణంగా మీ లైబ్రరీలోనే ఉంటుంది కాబట్టి, ఈ రాత్రే డౌన్‌లోడ్ చేసి, స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లోకి మార్చి, నెట్ తీసేసి ఆడి చూడండి. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో నేను రౌటరు తీగ పీకి ఇలాగే పరీక్షించాను. మెనూ తెరుచుకుంటే చాలదు. ఒక పందెం చివరిదాకా ఆడి, ఆట మూసి, మళ్లీ తెరిచి, మీ సేవ్ నిలిచిందో లేదో చూడాలి. అన్నీ సరిగా ఉంటే ఆట ఉన్న ఫోల్డరును బయటి హార్డ్ డిస్కులోకి నకలు తీసుకోండి.

సర్వరు లేనిదే తెరుచుకోని ఆటకు మాత్రం ఏ నకలూ అక్కరకు రాదు. ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ 2014లో తెచ్చిన కార్ల పందేల ఆట ‘ది క్రూ’ సర్వర్లు 2024లో మూతపడగానే, డిస్కు కొన్నవారు కూడా ఆడలేకపోయారు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఇలాంటి డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు, ఇస్తున్నది కేవలం లైసెన్సు (వాడుకునే అనుమతి) అని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడరాదని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టం అమలులో ఉంది.

ఇకపై ఒంటరిగా ఆడుకునే ఆటలు జీఓజీ అనే మరో ఆన్‌లైన్ దుకాణంలో దొరికితే అక్కడే తీసుకోండి. ఇన్‌స్టాలర్ ఫైలునే దింపి దాచుకోవచ్చు.