ఊరికి కొత్తగా వస్తున్న ఐస్ హాకీ జట్టు: సీజన్ టికెట్లు కొనవచ్చా?

ప్రశ్న: మావారి ఉద్యోగరీత్యా న్యూ మెక్సికో రాష్ట్రంలోని రియో రాంచోకు వచ్చి ఏడాది కావస్తోంది. 2026-27 సీజన్ నుంచి మా ఊళ్ళో ఒక ఐస్ హాకీ జట్టు ఆడబోతోందని, ఇప్పుడే కొంత అడ్వాన్సు కడితే సీజన్ టికెట్లలో మంచి సీట్లు దొరుకుతాయని ఆయన సహోద్యోగులు చెబుతున్నారు. ఈ ఆట గురించి మాకేమీ తెలియదు. ఎనిమిదేళ్ళ మా అబ్బాయి మాత్రం చాలా ఉత్సాహంగా ఉన్నాడు. కొనమంటారా? అసలు ఇది ఏ స్థాయి ఆట?

జవాబు: ఆటకు తప్పకుండా వెళ్ళండి. మొదటి ఏడాదే సీజన్ మొత్తానికి టికెట్లు మాత్రం కొనకండి. ఇలా ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే ఈ లీగ్ ఎలా నడుస్తుందో, కొత్త జట్లు ఎందుకు పుడతాయో కొంత తెలియాలి.

ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి పైమెట్టు ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్). టీవీలో కనబడేది, కోట్ల డాలర్ల ఒప్పందాలు జరిగేది అక్కడే. దాని కింది మెట్టు 1936లో మొదలైన ఏహెచ్‌ఎల్ (అమెరికన్ హాకీ లీగ్), ఆ కింది మెట్టు ఈసీహెచ్‌ఎల్. మీ ఊరికి వస్తున్నది ఈ మూడో మెట్టు జట్టు. మూడో మెట్టు అనగానే చిన్నచూపు అక్కరలేదు. 2012లో లాస్ ఏంజెలెస్ జట్టుకు ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు సాధించిపెట్టిన గోల్‌కీపర్ జోనథన్ క్విక్, 2018లో వాషింగ్టన్ జట్టును గెలిపించిన గోల్‌కీపర్ బ్రేడెన్ హోల్ట్‌బీ ఇద్దరూ తొలిరోజుల్లో ఈసీహెచ్‌ఎల్‌లో ఆడినవారే. అయితే మీరు చూడబోయే ఆటగాళ్ళలో ఎక్కువమంది వారపు జీతం మీద, సీజన్ పొడవునా జట్టు చూపించిన ఇంట్లో ఉంటూ, పైనుంచి పిలుపు కోసం ఎదురుచూసే యువకులు. ఎన్‌హెచ్‌ఎల్ జట్లలో చాలావాటికి ఏహెచ్‌ఎల్‌లో ఒకటి, ఈసీహెచ్‌ఎల్‌లో ఒకటి అనుబంధ జట్లుంటాయి. పైజట్టులో ఒకరికి దెబ్బ తగిలితే మధ్య జట్టునుంచి ఒకరు పైకి వెళతారు, ఆ ఖాళీ నింపడానికి మీ ఊరి జట్టునుంచి మరొకరు మధ్య జట్టుకు వెళతారు. అందువల్ల శుక్రవారం రెండు గోల్స్ కొట్టిన కుర్రాడు ఆదివారం ఆటలో కనబడకపోవచ్చు. మీ అబ్బాయికి జెర్సీ కొనేటప్పుడు వీపు మీద ఆటగాడి పేరు లేనిది కొనడం మంచిది.

ఈసీహెచ్‌ఎల్ 1988లో అయిదు జట్లతో, పేరుకు తగ్గట్టే తూర్పు తీరపు లీగ్‌గా మొదలైంది. 2003లో పశ్చిమ తీరపు లీగ్‌ను కలుపుకొన్నాక పాత పేరును వదిలేసి పొడి అక్షరాలను మాత్రమే ఉంచుకుంది. 2014 అక్టోబరులో, సరిగ్గా సీజన్ మొదలయ్యే వేళకు, సెంట్రల్ హాకీ లీగ్ అనే మరో లీగ్ మూతపడగా అందులో మిగిలిన ఏడు జట్లూ దీనిలో చేరాయి. మా డాలస్ ఉత్తర శివార్లలోని అలెన్ జట్టు ఆ ఏడింటిలో ఒకటి. పాత లీగ్‌లో 2013, 2014లలో గెలిచిన ఆ జట్టు కొత్త లీగ్‌లోకి రాగానే 2015, 2016లలో ఈసీహెచ్‌ఎల్ విజేతకిచ్చే కెల్లీ కప్పు కూడా గెలుచుకుంది. ప్లానో, ఫ్రిస్కో, అలెన్ పరిసరాల్లో ఇన్ని తెలుగు కుటుంబాలున్నా ఈ సంగతి తెలిసినవారు చాలా తక్కువ. మనవాళ్ళ వారాంతాలు పుట్టినరోజు వేడుకలతోనే నిండిపోతాయి మరి.

ఆ తర్వాత కూడా లీగ్ పెరుగుతూనే ఉంది. 2022లో సవన్నా, 2024లో ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్, నెవాడాలోని టాహో, 2025లో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో చేరడంతో 2025-26 సీజన్ నాటికి జట్ల సంఖ్య 30కి చేరింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి. 2021లో సియాటెల్ 32వ జట్టుగా వచ్చిన మరుసటి ఏడాదే దానికి అనుబంధంగా కాలిఫోర్నియా ఎడారిలోని కోచెల్లా వ్యాలీలో ఏహెచ్‌ఎల్‌కూ 32వ జట్టు ఏర్పడింది. కింది మెట్టు కూడా అదే లెక్కకు చేరాలని చూడడం సహజమే. ప్రతి పైజట్టుకూ కింద తనకంటూ ఒక శిక్షణ జట్టు ఉంటే ఆటగాళ్ళను పంపడం, రప్పించడం తేలికవుతుంది.

పైవాళ్ళ అవసరం ఒక్కదానితోనే మీ ఊరికి జట్టు రాదు. ఇలాంటి ఊళ్ళలో అరేనా చాలావరకు నగర పాలక సంస్థదే అయి ఉంటుంది. కట్టడానికి చేసిన ఖర్చు తిరిగి రావాలంటే ఏడాదిలో వీలైనన్ని రాత్రులు దానిలో దీపాలు వెలగాలి. ఒక్కో జట్టు సీజన్‌లో 72 ఆటలు ఆడుతుంది, వాటిలో 36 సొంత ఊళ్ళో జరుగుతాయి. అంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 36 సాయంత్రాలు అరేనాకు ఖాయమైన బేరం దొరికినట్టే. యజమాని వైపునుంచి చూస్తే ఈ స్థాయి ఆటకు టీవీ హక్కుల డబ్బు రాదు. టికెట్లు, తినుబండారాల అమ్మకంలో వాటా, అంచు గోడల మీద స్థానిక వ్యాపారుల ప్రకటనలు, ఇవే ఆదాయం. అందుకే ఒక్క ఆట జరగకముందే సీజన్ టికెట్ల కోసం అంత హడావుడి. ఆ ముందస్తు సొమ్ము మీదే మొదటి ఏడాది నడవాలి.

ఇక మీ ఊరి చరిత్ర. కొత్త జట్టు అంటున్నారు గానీ మీ ఊరికి హాకీ కొత్త కాదు. 1996లో ఆల్బుకర్కీలో పుట్టిన న్యూ మెక్సికో స్కార్పియన్స్ అనే జట్టు, 2006లో రియో రాంచోలో అరేనా తెరవగానే అక్కడికి మారింది. 2009లో మూతపడింది. ఇప్పుడు గోట్‌హెడ్స్ అనే పేరుతో వస్తున్న జట్టు ఆడబోయేది అదే అరేనాలో. (ఆ పేరు మీ వీధుల్లో సైకిలు టైర్లను పొడిచే ముళ్ళ కాయది. మన చేల గట్ల మీద అరికాళ్ళలో దిగే పల్లేరు కాయే అది.)

ఇది రియో రాంచో ఒక్కదాని కథ కాదు. గ్రీన్స్‌బరోకు 1989లోనూ, మళ్ళీ 1999లోనూ ఇదే లీగ్ జట్లు వచ్చి వెళ్ళాయి. న్యూజెర్సీలో ఎడిసన్, ప్రిన్స్‌టన్ వైపు తెలుగువారికి దగ్గరలోని ట్రెంటన్‌లో జట్టు 2005లో కెల్లీ కప్పు గెలిచి, 2013లో ఆగిపోయింది. ఇప్పుడు యూటా జట్టు అక్కడికి తరలి వెళుతోంది. స్టేట్ ఫార్మ్ బీమా సంస్థ కార్యాలయం పుణ్యమా అని మనవాళ్ళు బాగా స్థిరపడిన బ్లూమింగ్టన్‌లో కూడా ఇప్పటి జట్టుకు ముందు వేర్వేరు లీగ్‌లకు చెందిన జట్లు వచ్చి పోయాయి. విస్తరణ పేరుతో లీగ్ చాలాసార్లు చేసేది ఒకప్పుడు హాకీ జట్టు ఉండి పోయిన ఊరికి వెళ్ళడమే. మంచు గచ్చు ఉన్న అరేనా, దగ్గరలో ఇతర క్రీడల పెద్దజట్టు పోటీ లేకపోవడం వంటి సౌకర్యాలు ఆ ఊళ్ళకే ఉంటాయి.

జట్టు బాగా ఆడితే నిలుస్తుందనుకోవడం కూడా పొరపాటే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ జట్టు 2018-19లో, అంటే తన మొట్టమొదటి సీజన్‌లోనే, కెల్లీ కప్పు గెలిచింది. లీగ్ పట్ల నెరవేర్చవలసిన బాధ్యతలను నెరవేర్చలేదన్న కారణంతో 2024 ఏప్రిల్‌లో, సీజన్ ఇంకా ముగియకముందే, దాని సభ్యత్వం రద్దయింది. హ్యూస్టన్ అయితే మహానగరం, పైగా అక్కడ ఆడింది ఏహెచ్‌ఎల్ స్థాయి జట్టు. అరేనా అద్దె ఒప్పందం కుదరక 2013లో అది అయోవాకు తరలిపోయింది. కాబట్టి ఒక జట్టు ఎన్నాళ్ళుంటుందో అంచనా వేయాలంటే పాయింట్ల పట్టికను పక్కనబెట్టి అరేనాతో ఒప్పందం ఎన్నేళ్ళకు కుదిరింది, యజమానికి ఇతర వ్యాపారాలున్నాయా అన్నవి చూడాలి. స్థానిక పత్రికల్లో, నగర మండలి సమావేశాల పత్రాల్లో ఈ వివరాలు ఎవరికైనా దొరుకుతాయి.

టికెట్ల విషయానికి వస్తే, 36 ఆటల పూర్తి సీజన్ టికెట్ తీసుకుంటే సగటున ఒక్కో సీటు చవకగానే పడుతుంది. అయినా మీకు గిట్టుబాటు కాదంటాను. ప్రయాణపు ఖర్చులు తగ్గించుకోవడానికి లీగ్ దగ్గరి ఊళ్ళ జట్లతోనే ఎక్కువ ఆటలు పెడుతుంది కనుక అవే నాలుగైదు జట్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. వారం మధ్యలో, మరునాడు బడి ఉన్న రాత్రుల్లో కూడా ఆటలుంటాయి. వీసా మీద ఉన్న కుటుంబానికి మరో చిక్కు ఉంది: జనవరిలో ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారితే మిగిలిన టికెట్లు ఎవరికి అమ్ముకుంటారు? మొదట రెండు మూడు ఆటలకు విడి టికెట్లు కొని చూడండి. నచ్చితే పది పన్నెండు ఆటల చిన్న ప్యాకేజీ తీసుకోండి, అలాంటివి ప్రతి జట్టూ అమ్ముతుంది. అడ్వాన్సు కట్టవలసి వస్తే మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి: ఆ సొమ్ము వాపసు ఇస్తారా, వెళ్ళలేని ఆట టికెట్‌ను మరో ఆటకు మార్చుకోవచ్చా, మరుసటి ఏడాది మీకు చెప్పకుండానే కార్డునుంచి సొమ్ము తీసుకుంటారా. మూడోది చాలామంది గమనించరు.

పదిమందికి పైగా కలిసి వెళితే గుంపు ధర దొరుకుతుంది. ఆల్బుకర్కీ పరిసరాల్లోని తెలుగువారో, ఆఫీసు భారతీయులో కలిసి అడిగితే అరేనా తెరమీద మీ సంఘం పేరు వేస్తారు, ఆట అయ్యాక పిల్లల్ని మంచు మీదికి రానిచ్చే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల చేస్తారు. ఈ స్థాయి జట్లు ఫోన్ చేస్తే పలుకుతాయి. ఎన్‌హెచ్‌ఎల్‌లో అది కలలోని మాట.

ఆట అర్థం కావడం అనుకున్నంత కష్టం కాదు. ఇరవై నిమిషాల భాగాలు మూడు, ఒక్కో జట్టుకు గోల్‌కీపర్ కాక అయిదుగురు ఆటగాళ్ళు. తప్పు చేసినవాడు, కబడ్డీలో అవుటైనవాడిలా, పక్కన కూర్చోవాలి. తేడా ఏమంటే ఇక్కడ శిక్ష సాధారణంగా రెండు నిమిషాలు, ఆలోగా ప్రత్యర్థులు గోల్ చేస్తే ముందే బయటికి వస్తాడు. సమమైతే ముగ్గురేసి ఆటగాళ్ళతో అదనపు సమయం, అప్పటికీ తేలకపోతే షూటౌట్ (ఒక్కొక్క ఆటగాడే ఎదుటి గోల్‌కీపర్‌తో తలపడడం). గెలిస్తే రెండు పాయింట్లు, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో ఓడినా ఒక పాయింటు. ముష్టియుద్ధాలు జరుగుతాయి, దానికి అయిదు నిమిషాల శిక్ష. మీ అబ్బాయి అడిగే మొదటి ప్రశ్న దాని గురించే అవుతుంది, జవాబు సిద్ధం చేసుకోండి.

సీటు ఎంచుకునేటప్పుడు అద్దాన్ని ఆనుకుని ఉన్న మొదటి వరుసకు ఆశపడకండి. అక్కడ చలి ఎక్కువ, రింక్ (మంచు మైదానం) అవతలి కొస కనబడదు. కొత్తవారికి పది పన్నెండు వరుసల పైన, మూలల వైపు సీట్లు మేలు. పక్ దాదాపు 170 గ్రాముల బరువున్న గట్టి రబ్బరు బిళ్ళ. ఎగిరి పడకుండా ఉండేందుకు దాన్ని గడ్డకట్టించి వాడతారు. గోల్స్ వెనక వల ఉంటుంది గానీ పక్క వైపుల అద్దం మీదుగా అది జనంలోకి రావచ్చు, కాబట్టి ఆట నడుస్తున్నంతసేపు పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి. ఆట మధ్యలో లేచి తిరగకూడదు. విజిల్ మోగేదాకా ద్వారం దగ్గర మిమ్మల్ని ఆపుతారు, అది అందరికీ ఉన్న నియమమే. బయట ఎండగా ఉన్నా స్వెటరు తీసుకెళ్ళండి. శాకాహారులకు పాప్‌కార్న్, ప్రెట్జెల్, నాచోస్ తప్ప పెద్దగా ఏమీ దొరకవు, ఇంటినుంచి తెచ్చినవి లోపలికి రానివ్వరు, కనుక తిని బయలుదేరండి. డిసెంబరు ప్రాంతంలో చాలా జట్లు ఒక ఆటను బొమ్మల కోసం కేటాయిస్తాయి. సొంత జట్టు మొదటి గోల్ కొట్టగానే ప్రేక్షకులందరూ మెత్తటి బొమ్మలను మంచు మీదికి విసురుతారు, వాటిని ఏరి పేద పిల్లలకు పంచుతారు. ఏహెచ్‌ఎల్‌లోని హర్షీ ఊళ్ళో 2025 జనవరిలో ఇలా 1,02,343 బొమ్మలు పోగయ్యాయి. మీరు చూడగలిగే ఆటలు రెండే అయితే వాటిలో ఒకటి ఇది కానివ్వండి.

మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు, అయినా ఒక హెచ్చరిక అవసరం. ఆట రాత్రుల్లో టికెట్లు చూడడానికి, దుకాణాల్లో నిలబడడానికి అరేనాలు గంటల లెక్కన మనుషుల్ని తీసుకుంటాయి. హెచ్-4 (ఉద్యోగి కుటుంబసభ్యులకిచ్చే వీసా) మీద ఉండి పని అనుమతి పత్రం లేనివారు, ఎఫ్-1 విద్యార్థులు ఇటువంటి పనికి ఒప్పుకోకూడదు. జీతం లేకుండా స్వచ్ఛందంగా చేస్తామన్నా లాభార్జన సంస్థలో, మామూలుగా జీతమిచ్చే పని అయితే చిక్కే. వకీలును అడగకుండా అడుగు వేయవద్దు.

మీ అబ్బాయికి ఆట నేర్చుకోవాలనిపిస్తే నేరుగా జట్టు శిక్షణలో చేర్చి సామగ్రి అంతా కొనేయకండి. యూఎస్‌ఏ హాకీ సంస్థ నాలుగు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు ఉచితంగా ఆట రుచి చూపించే రోజులు నిర్వహిస్తుంది, ఆ రోజుకు సామగ్రి వాళ్ళే ఇస్తారు. అక్కడ ఇష్టపడితే ముందు కొన్ని నెలలు స్కేటింగ్ మాత్రమే నేర్పించండి, బూట్లు రింక్‌లోనే అద్దెకు దొరుకుతాయి. ఆ తర్వాత కూడా హెల్మెట్ ఒక్కటి కొత్తది కొని, మిగిలినవి వాడినవి తీసుకోండి. ఆ వయసులో కాళ్ళు ప్రతి ఏడాదీ పెరుగుతాయి, ఎదిగిన పిల్లల స్కేట్లు, ప్యాడ్లు సగం ధరకైనా ఇచ్చేసే తల్లిదండ్రులు ప్రతి రింక్‌లోనూ ఉంటారు.