అక్కడ అమ్మితేనే ఇక్కడ కొనగలం

ఇల్లు, రుణం, రిజిస్ట్రేషన్: పాఠకుల ప్రశ్నలకు విశాఖలో గృహరుణాల విభాగంలో పనిచేసి రిటైరైన బ్యాంకు అధికారి సమాధానాలు

ప్రశ్న: అయ్యా, మాది అక్కయ్యపాలెం. మావారి పేరు మీద మూడో అంతస్తులో ఫ్లాటు ఉంది, లిఫ్టు లేదు. ఆయనకు మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక మెట్లు ఎక్కలేకపోతున్నారు. అందుకని అది అమ్మేసి మధురవాడలో లిఫ్టున్న ఫ్లాటు కొందామనుకున్నాం. మాది 62 లక్షలకు బేరం కుదిరి 5 లక్షలు అడ్వాన్సు వచ్చింది. దానికి మా ఎఫ్‌డీలోంచి 3 కలిపి మధురవాడ ఫ్లాటుకు 8 లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాం. దాని ధర 78 లక్షలు. 90 రోజుల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే అడ్వాన్సు వదులుకోవాలని అగ్రిమెంటులో రాశారు. అప్పుడే 40 రోజులు గడిచిపోయాయి. మా ఫ్లాటు కొనేవాళ్లేమో "వేపగుంటలో మా స్థలం అమ్ముడైతే కొంత వస్తుంది, మిగతాది లోను పెడతాం, ఎలాగూ ఆషాఢం వచ్చేస్తోంది కదా, శ్రావణంలో చూద్దాం" అంటున్నారు. మధురవాడ ఆయన రోజూ ఫోన్. ఆయన కూడా భోగాపురం వైపు ఇంకో ఇల్లు కొంటున్నారట, ఆయనకూ గడువుందట. మా ఫ్లాటు మీద ఇంకా 9 లక్షల లోను ఉంది. 62లో 9 పోతే 53, ఎఫ్‌డీ 25, సరిగ్గా 78 అవుతుందని లెక్క వేసుకున్నాం. కొత్తది నా పేరు మీద తీసుకుందామని మావారి కోరిక. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం

జవాబు: అమ్మా, ముందు ఆ 78 లెక్క సరిచేద్దాం. అందులో రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. మన రాష్ట్రంలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, వెరసి ఏడున్నర శాతం. 78 లక్షల మీద 5,85,000 రూపాయలు. పైగా మీ ఫ్లాటు ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కడతారు. అంటే మీ చేతికి వచ్చేదాంట్లో 62,000 తక్కువ. అది రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది, కానీ రిజిస్ట్రేషన్ రోజుకు అక్కరకు రాదు. మీరు కూడా మధురవాడ ఆయనకిచ్చే డబ్బులోంచి 78,000 పట్టుకుని కట్టాలి. సామాను మార్చడం, అసోసియేషన్‌కి కట్టేవి, చిన్నాచితకా రిపేర్లు కూడా కలుపుకుంటే మీకు ఇంకో ఏడు లక్షలు ఎక్కడినుంచి వస్తాయో ఈ వారమే తేల్చుకోండి. పిల్లలు సర్దుతారా, బంగారం మీద తెస్తారా అన్నది మీ ఇష్టం. చివరి రోజున వెతుక్కోవడం మాత్రం వద్దు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసింది మధురవాడ కాదు, వేపగుంట. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం కలిపి పంచగ్రామాలంటారని విశాఖలో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఏళ్ల తరబడి నడుస్తున్నది అక్కడే. వివాదంలో ఉన్న సర్వే నంబర్లు 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ జరగదు. వేపగుంటలో ప్రతి గజమూ వివాదంలోనే ఉందని కాదు. మీ కొనుగోలుదారుల స్థలం ఎందులో ఉందో వాళ్లనే అడగండి. సర్వే నంబరు చెబితే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. ఆ స్థలం మీద ఇదివరకటి లావాదేవీలు చూపే పత్రం, అదే ఈసీ, కూడా తీయించండి. జాబితాలో ఉందా, ఆ డబ్బు శ్రావణంలో రాదు, కార్తీకంలోనూ రాదు. అప్పుడు వాళ్లు ఆ స్థలం ఊసెత్తకుండా పూర్తిగా లోను మీద కొనగలరా అన్నది ఒక్కటే ప్రశ్న. కొనలేకపోతే మర్యాదగా మీ దారి మీరు చూసుకోవాలి.

ఎదుటివాళ్ల స్థలం గురించి అడగడం బాగుండదని మొహమాటపడకండి. వాళ్ల డబ్బు వచ్చే దారి మీ ఇంటి గుమ్మం ముందునుంచే పోతోంది.

ఆషాఢం గురించి. నమ్మకాల జోలికి నేను పోను. ఆషాఢంలో సంతకం పెట్టం అంటే పెట్టవద్దు. కానీ లోను అప్లికేషన్‌కు, బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్‌కు, వాల్యుయేషన్‌కు ముహూర్తం చూసేవాళ్లను నేనింతవరకు చూడలేదు. ఆ పనులన్నీ ఆషాఢంలో కానిచ్చుకుంటే శ్రావణం మొదటి వారంలో రిజిస్ట్రేషన్‌కు స్లాట్ తీసుకోవచ్చు. మీకున్న 50 రోజుల్లో ఆషాఢం 30 తినేసినా ఇంకా 20 మిగులుతాయి. వాళ్లు "శ్రావణంలో చూద్దాం" అంటే అర్థం శ్రావణంలో అప్లికేషన్ పెడతామని అయితే మాత్రం కథ కంచికి చేరదు. అందుకని ఏ బ్యాంకులో పెట్టారు, లోను మంజూరైందని బ్యాంకు ఇచ్చే శాంక్షన్ లెటర్ ఎప్పుడు వస్తుంది అని అడగండి. శాంక్షన్ లెటర్ కాపీ చూడకుండా కొనేవాళ్ల మాట మీద మీరు ఇంకో రూపాయి కూడా మధురవాడకు పంపకండి.

మీ 9 లక్షల లోను చిన్నదే కానీ ఎక్కువ రోజులు తినేది అదే. మీ ఒరిజినల్ డాక్యుమెంట్లు మీ బ్యాంకులో ఉన్నాయి. కొనేవాళ్ల బ్యాంకు వాటిని చూడందే పూర్తి డబ్బు ఇవ్వదు. లోను తీరిన 30 రోజుల్లోగా కాగితాలు తిరిగి ఇవ్వాలని, తమవల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. మంచిదే, కానీ మీకు ఆ 30 రోజులు కూడా బరువే. అందుకని వీలైతే ఎఫ్‌డీలో 9 లక్షలు విరిచి ఇప్పుడే లోను తీర్చేయండి. ఫ్లోటింగ్ రేటు, అంటే మారుతూ ఉండే వడ్డీ మీద ఉన్న గృహరుణాన్ని ముందే తీర్చినందుకు పెనాల్టీ ఉండదు. అది కుదరకపోతే మీ బ్యాంకు నుంచి లోను మూయడానికి ఎంత కట్టాలో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్, వాళ్ల దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితా, అదే ఎల్‌ఓడీ, ఈ రెండూ తీసుకుని కొనేవాళ్ల బ్యాంకుకు ఇవ్వండి. వాళ్లు మొదటి చెక్కు నేరుగా మీ బ్యాంకు పేరు మీద ఇచ్చి లోను మూయించి, మిగతాది మీకిస్తారు. ఇది మామూలుగా జరిగే పనే. రెండు బ్రాంచీల మేనేజర్లు ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకునేలా చూడటమే మీ పని.

ఇప్పుడు మధురవాడ ఆయన. ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడంటే ఆయన నిద్ర కూడా ఎవరో పట్టుకుపోయారని అర్థం. భోగాపురంలో ఆయన ఇచ్చిన అడ్వాన్సు అక్కడ ఇరుక్కుని ఉంటుంది. ఫోన్ ఎత్తకపోవడం, బ్రోకరు చేత అబద్ధాలు చెప్పించడం మానేసి ఆయన్నీ, మీ కొనుగోలుదారులనూ ఒక ఆదివారం మీ ఇంటికి పిలిచి కూర్చోబెట్టండి. బ్రోకర్లను ఆ రోజుకు రావద్దని చెప్పండి. ఇద్దరికీ కమీషన్ తొందర తప్ప తేదీల మీద పట్టింపు ఉండదు. ఎవరికి ఎంత డబ్బు ఏ తేదీకి కావాలో ఒక కాగితం మీద రాసుకుంటే సగం టెన్షన్ అక్కడే తీరుతుంది. ఆ తరువాత మధురవాడ అగ్రిమెంటుకు ఇంకో 45 రోజులు గడువు పెంచుతూ అనుబంధ ఒప్పందం రాయించుకోండి. వాట్సాప్‌లో సరేనంటే సరిపోదు, స్టాంపు కాగితం మీద సంతకాలు కావాలి. "అక్కయ్యపాలెం ఫ్లాటు అమ్మకం పూర్తయ్యాకే" అన్న మాట అందులో ఉండాలి. ఆయన ఊరికే ఒప్పుకోకపోతే పెంచిన రోజులకు కొంత డబ్బు ఇవ్వజూపండి. 8 లక్షలు పణంగా పెట్టడం కంటే అది చాలా చౌక. ఇలాంటి ఒప్పందాలు అమలు చేయించమని మూడేళ్లలోగా దావా వేయవచ్చన్నది నిజమే. కానీ కోర్టుకెక్కితే ఇల్లూ రాదు, నిద్రా రాదు.

అదే కూర్చోవడంలో ఇంకో మాట. అమ్మడం, కొనడం ఒకే రోజు పెట్టుకోవద్దు. మీకొచ్చిన డీడీ జమ అయ్యేదాకా అది డబ్బు కాదు. మీ రిజిస్ట్రేషన్ తరువాత వారం, పది రోజులకు మధురవాడ పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక నెల వరకు మీరు అక్కయ్యపాలెంలోనే ఉంటారనీ, అందుకు రెండు లక్షలు కొనేవాళ్ల దగ్గరే ఉంచి తాళాలిచ్చిన రోజు తీసుకుంటారనీ రాయించుకుంటే వాళ్లకూ ధైర్యం. అదీ వీలుకాకపోతే రెండు నెలలు లిఫ్టున్న అద్దె ఇంట్లో ఉండండి. ఇల్లు రెండుసార్లు సర్దాలని ఆడవాళ్లకు ఎంత విసుగో నాకు తెలుసు, అయినా చెబుతున్నాను.

పేరు విషయంలో మీవారి ముచ్చట కొంచెం సవరించాలి. పాత ఫ్లాటు ఆయన పేరు మీద ఉంది కాబట్టి అమ్మిన లాభం మీద పన్ను ఆయనదే. అమ్మిన రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొంటే మినహాయింపు దొరుకుతుంది. కానీ కొత్త ఇల్లు ఆయన పేరున ఉంటేనే వాదన లేకుండా దొరుకుతుంది. ఇద్దరి పేర్లూ పెట్టండి, ఆయన పేరు ముందు. ఒకవేళ మధురవాడ తప్పిపోయి అమ్మిన డబ్బు చేతిలోనే ఉండిపోతే, రిటర్ను గడువులోగా బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. మామూలు ఎఫ్‌డీలో వేస్తే లెక్కకు రాదు.

కొనేవాళ్లు కొంత నగదు ఇస్తామంటే వద్దనండి. ఆస్తి అమ్మకంలో 20,000 ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి మాంచెస్టర్‌లో మొదటిసారి ఇల్లు కొంటున్నాడు. వాడి ఆఫర్ ఒప్పుకుని నాలుగు నెలలు దాటింది. అమ్మేవాళ్లకు వాళ్లు కొనబోయే ఇల్లు ఇంకా కుదరలేదట, అదేదో చైన్ అంటున్నాడు. మేం ఇక్కడినుంచి డబ్బు పంపితే తొందరగా అవుతుందా? ఎవరైనా ఎక్కువ ఇస్తామంటే ఇల్లు చేజారిపోతుందా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: డబ్బుతో తొందరగా కాదమ్మా. ఇంగ్లండ్‌లో ఆఫర్ ఒప్పుకున్నంత మాత్రాన ఎవరూ కట్టుబడి ఉండరు. ఇద్దరి సొలిసిటర్లు, అంటే లాయర్లు, సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకున్న రోజునే అది ఖాయం, అప్పుడే సాధారణంగా పది శాతం డిపాజిట్ కడతారు. అంతవరకు అమ్మేవాళ్లు ఎక్కువ ధర ఇచ్చేవాళ్ల వైపు మళ్లవచ్చు, మీ అబ్బాయి కూడా పైసా నష్టపరిహారం ఇవ్వకుండా తప్పుకోవచ్చు. సర్వేకు, సొలిసిటర్‌కు పెట్టిన ఖర్చు మాత్రం పోతుంది. చైన్‌లో, అంటే ఒకరు తమది అమ్మి ఇంకోటి కొనే వరుసలో ఉన్న ఇళ్లన్నీ చాలావరకు ఒకే రోజు చేతులు మారతాయి కాబట్టి పైన ఒక్కరు ఆగితే అందరూ ఆగుతారు. అమ్మడానికి సొంత ఇల్లు లేదు గనక మీవాడు ఆ వరుసలో అడుగున ఉన్నాడు, అంటే ఎవరూ వదులుకోవడానికి ఇష్టపడని కొనుగోలుదారు. అతను చూసుకోవాల్సింది ఒక్కటే, బ్యాంకు ఇచ్చిన మార్ట్‌గేజ్ (గృహరుణం) ఆఫర్‌కు గడువుంటుంది, అది ఎప్పుడు తీరుతుందో సొలిసిటర్‌తో చెప్పి ఉంచాలి.

మీరు సాయం చేయదలిస్తే ఇప్పుడే కాగితాలు సిద్ధం చేయండి. ఆ డబ్బు మీరు కానుకగా ఇస్తున్నారనీ, తిరిగి అడగరనీ ఉత్తరం కావాలంటారు. అది మీకెలా వచ్చిందో చూపే స్టేట్‌మెంట్లు కూడా అడుగుతారు. ఇక్కడ ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పన్ను, అదే టీసీఎస్, ముందే పట్టుకుంటుంది. రిటర్నులో తిరిగి వస్తుంది కానీ కొన్ని నెలలు ఆ డబ్బు మీ దగ్గర ఉండదు. మీ పేరున కొంత, మీవారి పేరున కొంత పంపితే ఇద్దరికీ 10 లక్షల పరిమితి విడివిడిగా వర్తిస్తుంది.